హెచ్4 అమ్మాయి, కార్నెల్ ఎర్లీ డెసిషన్: వేయాలా, రెగ్యులర్‌కి ఆగాలా?

ప్రశ్న (ఎడిసన్ అమ్మ, న్యూజెర్సీ)

అమ్మాయి ఈ ఆగస్టులో ట్వెల్త్‌లోకి వస్తోంది. హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చేది). కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది, మొదటి ఇష్టం కార్నెల్ యూనివర్సిటీ. నవంబర్ 1కి ఎర్లీ డెసిషన్ (సీటొస్తే తప్పక చేరతామని ముందే ఒప్పుకునే దరఖాస్తు) వేస్తే సీటు తేలిగ్గా వస్తుందని చుట్టుపక్కల అందరూ అంటున్నారు. సీటొచ్చాక డబ్బు చాలకపోతే ఎలా? ఎయిడ్ (ఫీజుకు ఇచ్చే ఆర్థిక సాయం) అడగకుండా వేస్తే మేలా? వైజాగ్‌లో ఫ్లాటు ఉంది, అది కూడా చూపించాలా?

జవాబు (లెక్కల మాస్టారు)

ముందు డబ్బు సంగతి తేల్చుకోండమ్మా, నవంబర్ 1 గడువు గురించి ఆ తర్వాత ఆలోచించొచ్చు. ఎర్లీ డెసిషన్ ఒప్పందం మీద విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూల్ కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. సీటొస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. ఎయిడ్ నిజంగా చాలకపోతే విడిచిపెడతారు, కానీ ఎయిడ్ అడిగినవాళ్లకే ఆ దారి పనికొస్తుంది. అడగకుండా వేసి, తర్వాత డబ్బు లేదంటే వినరు.

హెచ్4 పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ రాదు. అమెరికాలోనే హైస్కూల్ చదివినా, చాలా ప్రైవేటు కాలేజీలు ఎయిడ్ దగ్గరికొచ్చేసరికి వాళ్లను అంతర్జాతీయ విద్యార్థుల లెక్కలోనే వేస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్ లాంటి కొన్ని ఎయిడ్ అడిగారని ఎవరికీ సీటు ఆపవు. కార్నెల్ అలా కాదు, అంతర్జాతీయ విద్యార్థులకు సీటిచ్చేటప్పుడు ఎయిడ్ అవసరాన్ని కూడా చూస్తుంది. మొత్తం ఖర్చు ఏడాదికి 90 వేల డాలర్లు దాటింది. నాలుగేళ్లు ఎయిడ్ లేకుండా కట్టగలమనుకుంటే అడగకుండా వేయండి. కట్టలేమంటే అడగండి, లేదా రెగ్యులర్‌లో (కట్టుబాటు లేని మామూలు విడతలో) వేసి నాలుగు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూడండి. నాకైతే రెగ్యులరే క్షేమం అనిపిస్తుంది.

ఇంకోటి: 21 నిండితే హెచ్4 పోతుంది. గ్రీన్ కార్డు ఆలోగా రాకపోతే చదువు మధ్యలో ఎఫ్1 (విద్యార్థి వీసా)కి మారాలి.

జవాబు (సీఎస్ఎస్ అక్క)

వైజాగ్ ఫ్లాటు చూపించాల్సిందే. సీఎస్ఎస్ ప్రొఫైల్ (ఎయిడ్ కోసం ఆదాయం, ఆస్తులు చూపే ఆన్‌లైన్ ఫారం) అక్టోబర్ 1న తెరుస్తారు. అందులో కొన్న ధర కాదు, ఈనాటి మార్కెట్ విలువ, మిగిలిన హోమ్ లోను వేరువేరుగా వేయాలి. అద్దె వస్తుంటే ఆదాయంలో కలపాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: ట్యాక్స్ రిటర్న్‌లో అద్దె కనిపిస్తుంది, ప్రొఫైల్‌లో ఇల్లే ఉండదు. ఎయిడ్ ఆఫీసు వెంటనే కాగితాలు అడుగుతుంది, డిసెంబర్ అంతా దానికే పోతుంది. తాతగారి పేరున ఉన్న పొలం మీది కాదు, రాయనక్కర్లేదు.

కాలేజీ సైట్లోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్లు (ఎయిడ్ పోగా కట్టాల్సింది అంచనా వేసేవి) ఎక్కువగా సిటిజన్ల కోసం కట్టినవి. ఆ అంకెను నమ్మి సంతకం పెట్టకండి. సెప్టెంబర్‌లోనే ఎయిడ్ ఆఫీసుకు మెయిల్ రాయండి: “మా అమ్మాయి హెచ్4, న్యూజెర్సీ హైస్కూల్. ఎయిడ్‌కు ఏ వర్గంలో చూస్తారు? మొదటి ఏడాది అడగకపోతే తర్వాత అడగొచ్చా?” జవాబు రాతపూర్వకంగా దాచుకోండి.

జవాబు (అడ్మిషన్ బాబాయ్)

“తేలిగ్గా వస్తుంది” అన్న మాట సగమే నిజం. ఎర్లీలో సీట్ల శాతం ఎక్కువ కనిపించడానికి కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లు, చాలాచోట్ల పూర్వవిద్యార్థుల పిల్లలు కూడా కారణం. ఆ శాతాన్ని మీ అమ్మాయికి అంటగట్టకండి. ఎర్లీలో ముఖ్యంగా లెవెన్త్ వరకు వచ్చిన గ్రేడ్లే చూస్తారు. అవి బాగుండి శాట్ (ప్రవేశ పరీక్ష) అక్టోబర్‌లోపు అయిపోతే వేయొచ్చు. 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి కార్నెల్ శాట్ లేదా యాక్ట్ మళ్లీ తప్పనిసరి చేసింది. ట్వెల్త్ మొదటి సెమిస్టర్‌తో గ్రేడ్లు పైకి లేస్తాయనుకుంటే ఆగండి.

వేస్తే మాత్రం కార్నెల్ ఒక్కటే వేయకండి. రట్గర్స్, మేరీలాండ్, ఇల్లినాయ్ అర్బానా లాంటి పబ్లిక్ యూనివర్సిటీల ఎర్లీ యాక్షన్‌కు కట్టుబాటు ఉండదు, వాటి గడువూ నవంబర్ మొదట్లోనే. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీల (యూసీల) గడువు నవంబర్ చివర్లో లేదా డిసెంబర్ మొదట్లో ముగుస్తుంది. డిసెంబర్ మధ్యలో కార్నెల్ కాదంటే అప్పటికి యూసీల తలుపు మూసుకుపోయి ఉంటుంది, రెగ్యులర్ వ్యాసాలకు రెండు వారాలే మిగులుతాయి. అందుకే నవంబర్‌లోనే రాసి పెట్టుకోవాలి.

ఎడిసన్ అమ్మ: డిఫర్ చేస్తే (నిర్ణయాన్ని రెగ్యులర్‌కి వాయిదా వేస్తే)?

అడ్మిషన్ బాబాయ్: డిఫర్ అయిన క్షణం నుంచి కట్టుబాటు ఉండదు. జాన్స్ హాప్‌కిన్స్, వాండర్‌బిల్ట్ లాంటి చోట్ల ఎర్లీ డెసిషన్ 2 (అదే కట్టుబాటుతో రెండో విడత) వేయొచ్చు, గడువు జనవరి మొదట్లో. కార్నెల్‌పై ఆశ వదులుకోకపోతే కౌన్సెలర్ ద్వారా మిడ్‌ఇయర్ గ్రేడ్లు పంపించండి, దరఖాస్తు తర్వాత కొత్తగా సాధించింది మాత్రమే ఒక పేజీలో రాయండి.