గంజాయి అలవాటైన పిల్లగానికి కేసా, వైద్యమా?

ప్రశ్న (హన్మకొండ):
మా పిన్ని కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ప్యాంటు జేబులో చిన్న పొట్లం, చుట్టుకునే కాగితాలు దొరికాయి. పిన్ని టెన్షన్‌తో తిండి మానేసింది. ఆస్పత్రికి తీసుకెళ్తే కేసవుతుందా? కెనడాలో 2018 నుంచి తప్పు కాదంటూ వాడేమో వాదిస్తున్నాడు.

జవాబు 1:
కెనడా సంగతి ఇక్కడ చెల్లదన్నా. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల మీది చట్టం) ప్రకారం తాగినా నేరమే. ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ.

జవాబు 2:
అన్నా, నేను సైకియాట్రీ వార్డులో నర్సును. భయపడకుండా తీసుకెళ్లండి. అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది: తాగిన కేసైనా, చిన్న మోతాదు కేసైనా, తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యం చేయించుకుంటే విచారణ ఉండదు. మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. మానేసిన మొదటి వారం నిద్ర పట్టదు, ఆకలుండదు, ఊరికే కసురుకుంటాడు. ఆ వారమే పిన్ని పక్కన ఉండాలి. ముందు మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, ఉచితం.

జవాబు 3:
గంజాయి మూటలు మోసేవాళ్లను వదలొద్దు, 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు, అది ఉండాల్సిందే. కానీ తనిఖీలకు పెట్టే ఖర్చులో కొంతైనా మండలానికో కౌన్సెలర్ మీద పెట్టాలి. మా నర్సంపేట వైపు తల్లులు ఎవరిని అడగాలో తెలియక తాయెత్తులు కట్టిస్తున్నారు.

ప్రశ్న అడిగినవారు:
చెల్లెమ్మా, పొద్దున్నే ఫోన్ చేస్తాం. వాడు ఒప్పుకున్నాడు.