క్లౌడ్ లేకుండ నాలుగు సీసీ కెమెరాలు: పాత ల్యాప్‌టాప్ మీద నడుస్తదా?

కొత్తవాడ_కేబుల్:

హన్మకొండ చౌరస్తా దిక్కు బట్టల షాపు, దాని మీదనే ఇల్లు. నాలుగు కెమెరాలు పెట్టాలె. గల్లా మీద ఒకటి, షట్టర్ బయట ఒకటి, ఇంటికి పోయే మెట్ల కాడ ఒకటి, డాబా మీద ట్యాంకు దిక్కు ఒకటి. ఎవర్ని అడిగినా ఒకటే పద్ధతి చెప్తున్నరు: డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుడు, కంపెనీ యాప్ వేసుడు, వీడియో వాళ్ల సర్వర్ మీదికెళ్లి మన ఫోన్‌కు వచ్చుడు. బిగించేటాయన "ఓనర్ అకౌంట్ నా ఫోన్ల ఉంటే సర్వీసుకు అల్కగ అయితది" అంటుండు. ఆడోళ్లు, పిల్లలు ఎక్కి దిగే మెట్ల వీడియో ఇంకొకల ఫోన్ల ఉండుడు నాకు సమ్మతం కాదు.

ఇంట్ల పాత ల్యాప్‌టాప్ ఉన్నది. ఐ5 ఆరో తరం, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. దాని మీద లినక్స్ వేసి, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తోనే రికార్డింగ్ నడపాలని ఉన్నది. ఇది సరిపోతదా? హార్డ్ డిస్క్ ఎంతది తీసుకోవాలె? ఊరికి పోయినప్పుడు ఫోన్ల చూసుడు ఎట్ల? కరెంటు పోతే సంగతేంది? వైఫైవి మంచియా, వైరువి మంచియా అన్నది కూడ చెప్పుర్రి.

పెంగ్విన్_నక్కలగుట్ట:

ల్యాప్‌టాప్ సరిపోతదన్నా. ఆరో తరం ఉండుడు కలిసొచ్చింది. హెచ్.265 (జాగ తక్కువ పట్టేటట్టు కుదించే పద్ధతి) వీడియోను గ్రాఫిక్స్ చిప్ మీదనే విప్పే సత్తా ఇంటెల్‌ల ఆ తరం నుంచే సరిగ్గ ఉన్నది, గుర్తుపట్టే పనికి వాడే ఓపెన్‌వినో కూడ అక్కడి నుంచే నడుస్తది. డెస్క్‌టాప్ లేకుండ ఉత్త డెబియన్ (లినక్స్‌ల ఒక రకం) వెయ్యండి, దాని మీద డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను వేరే డబ్బాల, అంటే కంటైనర్‌ల పెట్టి నడిపేది), డాకర్‌ల ఫ్రిగేట్. ఫ్రిగేట్ ఎంఐటీ లైసెన్స్ కింద వచ్చే రికార్డర్. వచ్చింది మనిషా కుక్కా అని తేల్చుడు కూడ మీ మిషన్ మీదనే అయితది, ఒక్క ఫ్రేము కూడ బయటికి పోదు.

కెమెరా కొనేటప్పుడు ఆన్‌విఫ్ (వేరే కంపెనీ రికార్డర్‌తోని కలిసే ప్రమాణం), ఆర్‌టీఎస్‌పీ (నెట్‌వర్క్ మీద వీడియో నేరుగ ఇచ్చే పద్ధతి) రెండూ ఉన్నయా చూడండి. యాప్‌తో మాత్రమే నడిచే వైఫై కెమెరాలల్ల చాలా వాటికి ఆర్‌టీఎస్‌పీ ఉండదు, కంపెనీ సర్వర్ బంద్ అయిన నాడు అది గోడకు కొట్టిన ప్లాస్టిక్ ముక్కే. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంల అమ్మే సీసీ కెమెరాలకు ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ నాణ్యత పరీక్షల సంస్థ) పరీక్ష తప్పనిసరి అయింది కాబట్టి, ఆ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని బిల్లు కొట్టకముందే అడగండి. సర్టిఫికెట్ ఉన్నది కదా అని కెమెరాను నెట్‌కు కలపొద్దు మాత్రం.

ప్రతి కెమెరా రెండు స్ట్రీములు ఇస్తది. పెద్దదాన్ని రికార్డింగ్‌కు, చిన్నదాన్ని గుర్తుపట్టుడుకు ఇయ్యాలె. పెద్ద స్ట్రీమును గుర్తుపట్టుడుకు ఇస్తే ల్యాప్‌టాప్ ఫ్యాన్ రాత్రింబవళ్లు మొత్తుకుంటది. చిన్న స్ట్రీము 640 బై 480 దగ్గర, సెకనుకు 5 ఫ్రేములు చాలు. రికార్డింగ్‌కు ప్రాసెసర్ మీద బరువు పడదు, ఎందుకంటే ఫ్రిగేట్ వచ్చిన స్ట్రీమును మళ్ల ఎన్‌కోడ్ చెయ్యకుండ ఉన్నదున్నట్టు పది సెకన్ల ముక్కలుగ డిస్క్ మీద రాస్తది.

కొత్తోళ్లు ఎక్కువగ తట్టుకునే జాగలు చెప్త. ఫ్రిగేట్‌ల రికార్డింగ్ మొదట ఆఫ్‌లనే ఉంటది, మీరే ఆన్ చెయ్యాలె. డిటెక్టర్ మొదట సీపీయూ మీద ఉంటది, దాన్ని ఓపెన్‌వినోకు మార్చి, గ్రాఫిక్స్ డివైస్‌ను కంటైనర్‌కు అప్పజెప్పాలె. ఇది మరిచిపోతే నాలుగు కెమెరాలకే ప్రాసెసర్ మొత్తం మింగుతది. కెమెరా సెట్టింగులల్ల "స్మార్ట్ కోడెక్", "హెచ్.265 ప్లస్" అసొంటివి ఉంటే బంద్ పెట్టండి. అవి కీ ఫ్రేములను (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేములను) దూరం దూరం చేస్తయ్, దాంతోని రికార్డింగ్ మధ్యమధ్యల ఎగిరిపోతది. కీ ఫ్రేము విరామం ఫ్రేము రేటుకు సమానంగ పెట్టండి, అంటే సెకనుకొకటి. పాస్‌వర్డుల ఆట్, హ్యాష్ గుర్తులు వద్దు, ఆర్‌టీఎస్‌పీ అడ్రసు వాటి దగ్గరనే తెగిపోతది. అక్షరాలు, అంకెలతోనే పొడుగ్గ పెట్టండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మాత్రం ఒక్క గంట కూడ ఉంచొద్దు. 2016ల మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాలను, డీవీఆర్‌లను అట్లనే పట్టుకున్నది.

ఇగ డిస్క్ లెక్క. 1080పీ, హెచ్.265, 2 ఎంబీపీఎస్ అనుకుంటే ఒక కెమెరాకు రోజుకు 21.6 జీబీ. నాలుగింటికి 86 జీబీ దాటుతది. 1 టీబీకి పదకొండు రోజులు, 2 టీబీకి ఇరవై మూడు. మీకు 2 టీబీ చాలు. ఫంక్షన్ హాలో, కోచింగ్ సెంటరో నడిపేటోళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు ఒక మాట. 100 మంది జమయ్యే చోట్లకు 2013 ప్రజా భద్రత చట్టం ప్రకారం 30 రోజుల ఫుటేజీ దాయాలె, అంటే ఇదే లెక్కన 2.6 టీబీ. వాళ్లు 4 టీబీకి పోవాలె.

కాజీపేట_జంక్షన్‌బాక్స్:

పైన చెప్పిన సాఫ్ట్‌వేర్ అంతా బరాబరే. గానీ ప్రైవసీ నిలిచేది వైర్ల దగ్గర. ఒకటే సూత్రం పెట్టుకోర్రి: కెమెరాలు మీ రౌటర్ మొఖం చూడొద్దు. నాలుగు కెమెరాలు ఒక పీఓఈ (నెట్ వైరు మీదనే కరెంటు ఇచ్చే) స్విచ్చుకు, ఆ స్విచ్చు నుంచి ఒక్క వైరు ల్యాప్‌టాప్ ఈథర్నెట్ పోర్టుకు. ల్యాప్‌టాప్ ఇంటి రౌటర్‌కు వైఫైతోని కలుస్తది. నాలుగింటివి కలిపినా 10 ఎంబీపీఎస్ చుట్టుపక్కలే కాబట్టి అదనంగ ఏ అడాప్టరూ కొనే పని లేదు.

కెమెరాలకు 192.168.50.11 నుంచి 14 దాకా స్థిరమైన ఐపీలు ఇయ్యిర్రి, ల్యాప్‌టాప్ వైరు పోర్టుకు 192.168.50.1. కెమెరాలల్ల గేట్‌వే, డీఎన్ఎస్ (బయటి నెట్‌కు దారి చూపే) జాగలు ఖాళీగ వదలాలె, ఖాళీ ఒప్పుకోకపోతే వాడకంల లేని ఐపీ ఏదన్నా రాయిర్రి. ఇంటి రౌటర్ 192.168.1 వరుసల ఉంటే కెమెరాలకు అదే వరుస ఇయ్యొద్దు, రెండు దిక్కులా ఒకటే వరుస ఉంటే ల్యాప్‌టాప్‌కు ఎటు పంపాల్నో సమజ్ కాదు. అంతా అయినంక ఇంటి వైఫై మీదున్న ఫోన్ల కెళ్లి 192.168.50.11కు పింగ్ (ఆ అడ్రసు జవాబు ఇస్తదా అని చూసే ఆజ్ఞ) కొట్టుర్రి. జవాబు రావద్దు. వస్తే రెండు నెట్‌వర్కులు ఎక్కడ్నో కలుస్తున్నయ్.

ఇట్ల వేరు చేస్తే ఒక ఇబ్బంది వస్తది, ఎవ్వరూ చెప్పరు. నెట్ లేని కెమెరాకు గడియారం నిలకడ ఉండదు, నెలలు గడిచిన కొద్దీ నిమిషాలు తేడా పడ్తది. ల్యాప్‌టాప్‌ల క్రోనీ (గడియారం సరిచేసే సాఫ్ట్‌వేర్) వేసి, దాని సెట్టింగుల 192.168.50 వరుసకు అనుమతి ఇచ్చి, ప్రతి కెమెరాల ఎన్‌టీపీ (టైము ఇచ్చే) సర్వర్ అన్న కాడ 192.168.50.1 రాయిర్రి. టైమ్ జోన్ ఐదున్నర గంటలు ముందుకు పెట్టుడు మరువొద్దు.

వైరు సంగతి గట్టిగ చెప్తున్న. మార్కెట్ల సగం ధరకు వచ్చే క్యాట్6 చుట్టలు సీసీఏవి, అంటే లోపల అల్యూమినియం, పైన రాగి పూత. పగలు అంతా మంచిగనే నడుస్తది. పొద్దుగూకి కెమెరా ఐఆర్ (చీకట్ల చూసే) లైట్లు వెలగంగనే కరెంటు ఎక్కువ గుంజుతది, ఆ వైరుల వోల్టేజీ పడిపోతది, కెమెరా బంద్ అయి మళ్ల చాలు అయితది, రాత్రంతా ఇదే కథ. చాలామంది కెమెరా ఖరాబైందని మారుస్తరు, తప్పు వైరుది. కొనే ముందు ఒక పోగును బ్లేడుతోని గీకి చూడుర్రి. లోపల తెల్లగ కనిపిస్తే వాపస్ ఇయ్యిర్రి. లోపలి దాకా ఎర్రగనే ఉండాలె. స్విచ్చు 802.3 ఏఎఫ్‌ది తీసుకోర్రి, పోర్టుకు 15.4 వాట్ల దాకా ఇస్తది, మామూలు కెమెరాకు 5 నుంచి 8 వాట్లే పడ్తది. "ప్యాసివ్ పీఓఈ" అని రాసిన సస్తా స్విచ్చు వద్దు. అది అవతల ఏమున్నదో అడగకుండనే కరెంటు వదుల్తది.

వైఫై కెమెరా అనేది అద్దె ఇంట్లకే. సొంత బిల్డింగుకు వైరే.

కొత్తవాడ_కేబుల్:

మస్తు వివరంగ చెప్పిన్రు. రౌటర్ పేజీల చూస్తే వ్యాన్ ఐపీ (బయటి నెట్ దిక్కు అడ్రసు) 100.72తోని మొదలైతున్నది. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలికి దారి తెరుచుడు) పెట్టినా బయటికెళ్లి తెరుచుకోదని విన్న, నిజమేనా? ఇంకొకటి, మా డాబా మీదికి కోతులు మంద మందగ వస్తయ్. వైరు గుంజి పారేస్తయేమో అని భయం.

రామప్ప_రూట్:

100.64 నుంచి 100.127 దాకా ఉన్నదంటే సీజీనాట్. ఒక్క పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచుతరు, అందుకే మీ రౌటర్‌లో పోర్ట్ తెరిచినా బయటి నుంచి దాని దాకా చేరేదే ఉండదు. దీనికి బాధపడే పని లేదు, పోర్ట్ తెరవడం అనేదే మానుకోవాల్సిన పద్ధతి. వీపీఎన్‌తో (ఎన్‌క్రిప్ట్ చేసిన సొంత దారితో) లోపలికి రావాలి.

రెండు దారులు. మీ కనెక్షన్‌కు ఐపీవీ6 (ప్రతి పరికరానికి సొంత అడ్రసు ఇచ్చే కొత్త పద్ధతి) వస్తుంటే నేరుగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోవచ్చు. వైర్‌గార్డ్ 2020 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది, 5.6 వెర్షన్ నుంచి. కానీ ఫోన్ ఉన్న నెట్‌వర్కుకు కూడా ఐపీవీ6 ఉండాలి, రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క యూడీపీ పోర్టుకు దారి ఇవ్వాలి. అంత తిప్పలు వద్దనుకుంటే టెయిల్‌స్కేల్. అది వైర్‌గార్డ్ మీదే నడుస్తుంది, సీజీనాట్ వెనక నుంచి కూడా కలుపుతుంది, నేరుగా కుదరకపోతే రిలే ద్వారా పంపుతుంది. అప్పుడు కూడా వీడియో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. దాని యాప్ కోడ్ ఓపెన్, పరికరాలను కలిపే కంపెనీ సర్వర్ కోడ్ మాత్రం ఓపెన్ కాదు. అది కూడా ఓపెన్ కావాలంటే హెడ్‌స్కేల్ ఉంది గానీ, దానికి బయట ఒక సర్వర్ అద్దెకు తీసుకోవాలి. మీ అవసరానికి టెయిల్‌స్కేల్ చాలని నా అభిప్రాయం. ఫోన్ యాప్ ఎఫ్‌డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ స్టోర్‌లోనే దొరుకుతుంది.

ఒక్కటి తప్పకుండా చేయండి. టెయిల్‌స్కేల్‌లో ప్రతి పరికరం తాళం 180 రోజులకు గడువు తీరుతుంది. ల్యాప్‌టాప్ వరకు ఆ గడువును ఇప్పుడే ఆపేయండి. లేకపోతే మీరు ఊళ్లో లేనప్పుడే అది నెట్‌వర్క్ నుంచి జారిపోతుంది. అట్లాగే ఫ్రిగేట్‌కు రెండు పోర్టులు ఉంటాయి. 8971కి లాగిన్ అడుగుతుంది, 5000కి అడగదు. డాకర్‌లో 8971ని మాత్రమే బయటపెట్టండి, 5000 లైను తీసేయండి. మొదటి అడ్మిన్ పాస్‌వర్డ్ కంటైనర్ లాగ్‌లో వస్తుంది, లోపలికి పోగానే మార్చండి.

మెట్ల కెమెరా విషయంలో, అవసరం లేకపోతే మైకు కెమెరా సెట్టింగుల్లోనే ఆపేయండి. ఎదురింటి కిటికీ ఫ్రేములో పడుతుంటే కెమెరాలోనే ప్రైవసీ మాస్క్ వేయండి. ఫ్రిగేట్‌లో వేసే మాస్క్ గుర్తుపట్టడానికే పనికొస్తుంది, రికార్డింగ్‌లో ఆ కిటికీ అట్లాగే ఉంటుంది. షాపులో ట్రయల్ రూమ్ తలుపు తెరిచినప్పుడు గల్లా కెమెరాకు లోపల ఏమైనా కనిపిస్తుందా అనేది కూడా నిలబడి చూడండి.

కాజీపేట_జంక్షన్‌బాక్స్:

కోతులు వేలాడే వైరునే గుంజుతయ్. గోడకు అంటి పోయే పీవీసీ పైపుల వేసి, అడుగున్నరకొక క్లాంపు కొట్టుర్రి. కెమెరా వెనక జాయింటు బయట వేలాడకుండ జంక్షన్ బాక్సు లోపల ఉండాలె, పైపు బాక్సులకు కింది దిక్కు నుంచి ఎక్కాలె, లేకపోతే వాన నీళ్లు వైరు పట్టుకొని లోపలికి దిగుతయ్. డాబా వైరుకు స్విచ్చు దగ్గర ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దాని తీగను ఎర్తింగుకు కలపాలె. మే నెల గాలిదుమ్ములల్ల దగ్గర్ల పిడుగు పడ్డదంటే ఆ ఒక్క వైరు మీదికెళ్లే స్విచ్చు, ల్యాప్‌టాప్ రెండూ పోతయ్. ఫ్రిగేట్ మొదట్ల మనిషినొక్కణ్నే చూస్తది, దాని మామూలు మోడల్‌ల కోతి అన్న వర్గమే లేదు. ఒక్కోసారి మనిషనో కుక్కనో అనుకుంటది. డాబా కెమెరాకు అలర్టులు రాత్రి పూటకే పెట్టుకుంటే ఫోన్ పొద్దంతా మోగదు.

సుబేదారి_డెబియన్:

కరెంటు బ్యాకప్, డిస్క్ అతికించుడు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్న. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నది సరే, స్విచ్చుకు, బయటి డిస్కుకు లేదు. 3.5 అంగుళాల నిఘా డిస్కుకు సొంత అడాప్టర్ ఉంటది, కరెంటు పోతే ల్యాప్‌టాప్ బతికే ఉంటది గానీ డిస్క్ మధ్యల ఊడిపోతది. స్విచ్చు, డిస్క్, రౌటర్ మూడూ ఒకటే బ్యాకప్ మీద ఉండాలె. కెమెరాలతో కలిపి 45 వాట్ల దాకా వస్తది. ఇంట్ల ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌ల పెట్టండి, మామూలు మోడ్‌ల మారేటప్పుడు జాప్యం ఎక్కువ, స్విచ్చు రీస్టార్ట్ అయితది.

డిస్కును యూయూఐడీతో (దాని సొంత గుర్తింపు నంబరుతో) ఎఫ్‌స్టాబ్‌ల (సిస్టమ్ లేసేటప్పుడు అతికించే డిస్కుల జాబితాల) రాయండి, పేరుతో వద్దు. నోఫెయిల్ పెడితే డిస్క్ లేకపోయినా సిస్టమ్ లేస్తది. ప్రమాదం కూడ అక్కడనే. డిస్క్ అతుక్కోని రోజు ఫ్రిగేట్ ఆ ఖాళీ ఫోల్డర్లనే రాస్తది, అంటే మీ 256 జీబీ ఎస్ఎస్‌డీ మూడు రోజులు తిరగకముందే నిండుతది. మందు ఏందంటే, డిస్క్ అతికించకముందు ఖాళీ ఫోల్డర్‌కు సీహెచ్ఆట్టర్ ప్లస్ ఐ (ఏమీ రాయకుండ తాళం వేసే ఆజ్ఞ) కొట్టండి. అప్పుడు డిస్క్ లేనినాడు రాయడం కుదరక ఎర్రర్ వస్తది, మీకు వెంటనే తెలుస్తది.

మూత మూస్తే నిద్రపోకుండ లాగిన్‌డీ సెట్టింగుల లిడ్ స్విచ్చును ఇగ్నోర్ చెయ్యండి. చార్జింగ్ 80 శాతం కాడ ఆగేటట్టు పెట్టే వీలు మీ మోడల్‌ల ఉంటే పెట్టండి, ఎప్పటికీ 100ల ఉంటే మన ఎండలకు బ్యాటరీ ఉబ్బుతది. మూసిన షాపుల పెట్టొద్దు, పై అంతస్తుల గాలి ఆడే అరల పెట్టండి.

ఇంకో మాట కూడ చెప్పాలె. ఇదంతా చూసుకునే మనిషి ఇంట్ల ఒక్కరన్నా ఉంటేనే ఈ పద్ధతి. లేకపోతే మామూలు ఎన్‌వీఆర్ (కంపెనీ రికార్డర్ డబ్బా) కొని, దానికి నెట్ వైరు పెట్టకుండ టీవీకి కలిపి చూసుకోండి. ఓపెన్ సోర్స్ కాదు గానీ వీడియో మాత్రం గడప దాటదు. బయట ఉన్నప్పుడు ఫోన్ల చూసే వీలొక్కటి పోతది.

ఎప్పుడన్నా దొంగతనం జరిగి పోలీసులకు ఇయ్యాల్సి వస్తే, ఫ్రిగేట్‌ల ఆ టైమును వెంటనే ఎక్స్‌పోర్ట్ కొట్టండి. గడువు తీరితే రికార్డింగ్ తుడిచిపెట్టుకపోతది, ఎక్స్‌పోర్ట్ మీరు తీసేదాక ఉంటది. ఆ ఫైలుకు లినక్స్‌ల ఎస్‌హెచ్ఏ256 హ్యాష్ (ఫైలు మారలేదని చూపే గుర్తు) లెక్కగట్టి రాసి పెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి అమలుల ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌ల ఆ హ్యాష్ విలువ అడుగుతరు. పెన్‌డ్రైవ్‌లనే ఇయ్యండి. వాట్సాప్‌ల వీడియోగ పంపితే అది మళ్ల కుదిస్తది, హ్యాష్ కలవదు.