1980ల పాటలూ బట్టలూ మళ్లీ వస్తున్నాయి: ఇది ఆ కాలాన్ని గౌరవించడమేనా?

హన్మకొండ చౌరస్తా (చర్చ ప్రారంభం):

సభ్యులందరికీ నమస్కారం. గత నెలలో మా మేనకోడలు చదువుతున్న హన్మకొండలోని ఒక కళాశాలలో వార్షికోత్సవాన్ని ‘ఎనభైల సాయంత్రం’ అనే పేరుతో జరిపారు. 1983 నుంచి 1988 దాకా ఈ ఊళ్లోనే చదువుకున్నవాణ్ని, ఆ కాలపు పాటలంటే ప్రాణం పెట్టేవాణ్ని కనుక ఆహ్వానం అందగానే సంతోషంగా వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు మనసు బాగోలేదు.

వేదిక మీదికి పిల్లలు బెల్‌బాటం ప్యాంట్లు, తళుకుల చొక్కాలు, ఉంగరాల జుట్టు విగ్గులతో వచ్చారు. బెల్‌బాటం 1970ల నాటిది. మేము కళాశాలలో చేరేసరికి అది పోయి, నడుము దగ్గర మడతలతో, తొడల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర సన్నగా కుట్టే బ్యాగీ ప్యాంటు వచ్చింది. రెడీమేడ్ బట్టలు కొనేవాళ్లు అప్పట్లో తక్కువ. బట్ట కొనుక్కొని వెళ్లి, టైలర్ పక్కన కూర్చొని, ఏ సినిమాలో హీరో వేసుకున్నట్టు కావాలో చెప్పి కుట్టించుకునేవాళ్లం. అమ్మాయిలు బుట్టచేతుల జాకెట్లు కూడా అలాగే కుట్టించుకునేవారు.

బట్టల విషయం సరిపెట్టుకోవచ్చు. పాటలకు జరిగినదే నన్ను ఎక్కువగా బాధించింది. అప్పట్లో క్యాసెట్ల దుకాణానికి వెళ్లి, కాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో రికార్డు చేయించుకునేవాళ్లం. ఒక్కో వైపు ముప్పై నిమిషాలే పడుతుంది కనుక ఏ పాట ఉంచాలి, ఏది వదలాలి అని ముగ్గురు మిత్రులం ఒక పూటంతా తర్జనభర్జన పడేవాళ్లం. 1983లో వచ్చిన ‘సాగర సంగమం’ నుంచి 1989 నాటి ‘గీతాంజలి’ దాకా ఇళయరాజా పాటల్లో పల్లవికీ చరణానికీ నడుమ వినిపించే వాద్యసంగీతమే ఒక సంపూర్ణ రచన. పాట ముగిశాక ఆ భాగాన్నే ఈల వేస్తూ ఇంటికి నడిచేవాళ్లం. ఆ సాయంత్రం వినిపించిన రీమిక్సుల్లో మొట్టమొదట కత్తిరించినది ఆ భాగాన్నే. పాట నడుస్తున్నంతసేపూ సభలో నవ్వులు వినిపించాయి. ఒక కాలాన్ని వేషంగా తొడుక్కొని నవ్వుకోవడాన్ని అభిమానం అనవచ్చునా? అనకూడదని నా వాదన. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

సుబేదారి విద్యార్థిని:

పెద్దవారికి నమస్కారం. మీ బాధ నాకు అర్థమైంది కాని మీ తీర్పును ఒప్పుకోలేను. ఒక ప్రదర్శనను చూసి మా తరం మొత్తానికి ఆ పాటల మీద ప్రేమ లేదనుకోవడం న్యాయం కాదు. బ్రిటిష్ గాయని కేట్ బుష్ 1985లో పాడిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ ఒక ధారావాహికలో వినిపించడంతో 37 ఏళ్ల తర్వాత, 2022లో, బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ధారావాహిక తీసినవారు ఆ పాటను మా చెవిన వేశారు, నిజమే. ఆ తర్వాత దాన్ని వెతుక్కొని పదేపదే విన్నవారిలో 1985 నాటికి పుట్టనివారే ఎందరో ఉన్నారు.

మీరు చెప్పిన వాద్యసంగీతాన్ని నేను ఫోన్‌లో పూర్తిగా వింటాను, ఒక్క క్షణం కూడా ముందుకు జరపను. మా అమ్మ పెట్టెలో ఆమె పెళ్లినాటి బుట్టచేతుల జాకెట్ దొరికితే, లోపలి మడతలో టైలర్ వదిలిపెట్టిన బట్టను విప్పించి నా కొలతకు సరిచేయించుకున్నాను. ఇప్పటి రెడీమేడ్ జాకెట్లు చాలావాటిలో అలా వదిలిన బట్ట పెద్దగా ఉండదు కనుక కొలత మారితే అవి పనికిరాకుండా పోతాయి. ఆ జాకెట్‌ను నేను వేషంగా వేసుకోలేదు, దాన్ని వేసుకొని పరీక్షలకు కూడా వెళ్లాను.

కొత్తవాడ మగ్గం:

ఇద్దరూ పాట గురించి చక్కగా చెప్పారు. బట్ట గురించి నేను ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో రెండు తరాలవారు మగ్గం మీదే బతికారు. 1980ల మోజును తలచుకున్నప్పుడల్లా మాకు గుర్తుకొచ్చేది పాలియెస్టర్. ఉతికితే త్వరగా ఆరుతుంది, ముడతలు పడదు, రంగు వెలవదు, ధర తక్కువ. ఇన్ని గుణాలున్న బట్టను జనం కోరుకోవడంలో తప్పేమీ లేదు. 1985 జూన్‌లో కేంద్రం ప్రకటించిన జౌళి విధానం నూలుకూ కృత్రిమ దారానికీ సమాన స్థానం ఇచ్చింది. అదే ఏడాది కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించే చట్టం కూడా చేశారు కాని, దాని కింద మొదట 22గా ఉన్న రకాల సంఖ్య తర్వాత 11కు తగ్గిపోయింది. సిరిసిల్ల మరమగ్గాలు పాలియెస్టర్ మీద ఆధారపడ్డాయి. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు చివరికి మూతపడింది. దానికి పాలియెస్టర్ ఒక్కటే కారణమని నేను అనను, కాని ఆ మిల్లు సైరన్ విని వంటకు లేచిన ఇళ్లలో ‘ఎనభైల సాయంత్రం’ అనే మాట వేరే విధంగా వినిపిస్తుంది.

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఇక్కడి నేతపనికి ఇంకా విలువ ఉంది. అయినా రెట్రో, అంటే పాతకాలపు తీరు, అనే పేరుతో నేను ఈ మధ్య దుకాణంలో తిరగేసి చూసిన మూడు చొక్కాల్లో మూడూ పాలియెస్టర్‌వే. పాత నమూనా తిరిగి వచ్చేటప్పుడు నూలు బట్ట మీద ఎందుకు రాకూడదని అడుగుతున్నాను.

కాజీపేట జంక్షన్:

చర్చ ప్రారంభించినవారు రీమిక్సుల మీద చేసిన విమర్శ విన్నప్పుడు, మా నాన్నగారు సరిగ్గా ఇవే మాటలను 1986లో అన్నట్టు గుర్తు. ఆ ఏడాది బప్పీలహరి ‘సింహాసనం’ చిత్రానికి సంగీతం కూర్చారు. రాజుల కథకు డిస్కో తాళం వేయడమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు నిలదీశారు. మరుసటి ఏడాది ‘పసివాడి ప్రాణం’లో చిరంజీవి బ్రేక్ డాన్స్ చేసినప్పుడు ఊళ్లోని పిల్లలందరూ చేతులు విరుస్తూ తిరిగితే, సంప్రదాయం పోయిందని అన్నవారూ ఉన్నారు. ఆ పాటలను మనం ఈనాడు ప్రాణంగా చూసుకుంటున్నాం.

ఆ కాలపు ధ్వని యంత్రాల నుంచే పుట్టింది. రోలాండ్ సంస్థ 1980లో విడుదల చేసిన టీఆర్-808 అనే తాళయంత్రం అసలైన డ్రమ్ములా వినిపించదని అప్పట్లో కొనేవారు తక్కువ. 12,000 దాకా తయారై 1983లో ఆగిపోయింది. తర్వాతి తరం సంగీతకారులు పాత సామాన్ల దుకాణాల్లో చౌకగా కొని, ఆ శబ్దాన్నే తమ సంగీతానికి పునాదిగా చేసుకున్నారు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్-7 కీబోర్డు మోగించే గాజు గంటల వంటి స్వరం లేకుండా ఆ దశాబ్దపు ప్రేమగీతాలను ఊహించలేం. అదే ఏడాది వచ్చిన మిడి పద్ధతి వల్ల వేర్వేరు సంస్థల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలిగాయి. డ్రమ్ము మోగగానే పెద్ద గదిలోలా ప్రతిధ్వని వచ్చి, అంతలోనే కత్తితో కోసినట్టు ఆగిపోయే పద్ధతిని బ్రిటిష్ గాయకుడు ఫిల్ కాలిన్స్ 1981 నాటి పాటలో ప్రపంచమంతా విన్నది. ‘ది వీకెండ్’ అనే గాయకుడి 2019 నాటి ‘బ్లైండింగ్ లైట్స్’ వింటే ఆ దశాబ్దపు సింథసైజర్ (విద్యుత్తుతో స్వరాలు పుట్టించే కీబోర్డు) వెంటనే గుర్తొస్తుంది. అక్కడ పాత పాట ముక్కను తెచ్చి అతికించలేదు, పాత పనితనాన్ని నేర్చుకొని కొత్త పాట కట్టారు. నాకు తేడా ఇక్కడే కనిపిస్తోంది. పాత పాటను కత్తిరించడం వేరు, పాత పాట ఎలా కట్టారో నేర్చుకోవడం వేరు. మొదటిదాని విషయంలో చర్చ ప్రారంభించినవారితో నేను ఏకీభవిస్తున్నాను.

హన్మకొండ చౌరస్తా:

కాజీపేట మిత్రులు చెప్పిన తేడాను నేను ఒప్పుకుంటున్నాను. నా మొదటి పోస్టులో రెండింటినీ కలిపేసి మాట్లాడాను. కొత్తవాడ వారు అన్నది చదివాక, నా బ్యాగీ ప్యాంటు కూడా పాలియెస్టర్, నూలు కలిపి నేసిన టెరికాట్‌దేనని గుర్తొచ్చింది, ఆ రోజుల్లో దాని వెనుక ఎవరి మగ్గం ఆగిందో నేను ఆలోచించలేదు. మరొకటి కూడా చెప్పాలి: మా కళాశాల గేటు ముందు అదే 1980లలో గొంగడి, డప్పులతో పాడిన ప్రజాకళాకారుల పాటలకు చేరినంత మంది జనం ఏ డిస్కో పాటకూ చేరలేదు. ఆ పాటలు లేని ‘ఎనభైల సాయంత్రం’ మన జిల్లాకు సంబంధించినంత వరకు సగమే అవుతుందన్న మాట మీద మాత్రం నేను నిలబడతాను.

సుబేదారి బిడ్డకు: పరీక్షలకు వేసుకెళ్లిన ఆ జాకెట్ సంగతి చదివి నా కోపం చాలా వరకు పోయింది తల్లీ. నా దగ్గర ఇంకా నలభై క్యాసెట్లు ఉన్నాయి, కొన్నింటికి బూజు పట్టింది, టేప్‌రికార్డర్ బెల్టు తెగి పదేళ్లయింది. బెల్టు మార్చగల మెకానిక్ వరంగల్‌లో ఎవరైనా ఇంకా ఉంటే చెప్పండి. బాగుచేయించి, వచ్చే ఏడాది మీ కార్యక్రమానికి ఆ యంత్రంతో సహా తెచ్చి పాటలను పూర్తిగా వినిపిస్తాను.