అంతర్వేది ఇసుకలో రాత్రి టెంట్లు వేయనివ్వాలా? (మారుపేర్లతో సాగిన చర్చ)

సంచారి: సంక్రాంతి వెళ్లాక హైదరాబాద్ నుంచి నలుగురం వచ్చాం. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగాం. నరసింహస్వామి దర్శనమయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచాం. ఒకపక్క వశిష్ఠ గోదావరి, ఒకపక్క సముద్రం. చీకటి పడ్డాక ఊరివాళ్లు వచ్చి టెంట్ పీకించేశారు. పది టెంట్లకు చోటిచ్చి, టికెట్ పెట్టి, మర్నాడు ఆదుర్రు బౌద్ధ స్తూపం చూపిస్తే ఊరికీ ఆదాయమే కదా?

రేవు మనిషి: మీరొచ్చింది తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లేలు రాత్రిపూటే ఒడ్డెక్కుతాయి. పుట్టిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. సముద్రం వైపు పోవాల్సినవి సరుగుడు తోటలోకి పోయి, తెల్లారి ఎండిపోయి ఉంటే నా చేత్తో ఏరాను. అరచేతిలో సగం కూడా ఉండవు.

సంచారి: లైట్లు ఆర్పేస్తాం. మరి లైట్‌హౌస్ వెలుగు సంగతి?

పాత ఇటుక: ఆదుర్రులో అశోకుడి కూతురు సంఘమిత్ర ఆగిందనేది ఊళ్లో చెప్పుకునే కథ. దాన్ని చరిత్రగా రాయకండి.

సంచారి: ఆ పేరు నేనెత్తలేదండీ!

పాత ఇటుక: వచ్చేవాళ్లకు చెప్పేది అదేగా. దుబరాజు గుడి అని ఊరివాళ్లు పిలుచుకున్న ఆ ఇటుకల కట్టడాన్ని ముందు సరిగ్గా చూడమనండి.

కొబ్బరాకు: 2020 సెప్టెంబరులో స్వామి రథం కాలింది రాత్రిపూటే. చలిమంటన్నా మాకు దడే.

సంచారి: భీష్మ ఏకాదశి తీర్థానికి వచ్చినవాళ్లు ఇసుకలో పడుకోరా? వాళ్లు భక్తులు, మేం పరాయివాళ్లమా? సూటిగా చెప్పండి.

రేవు మనిషి: చెబుతాను. మాది పల్లిపాలెం. మా నాన్న ఎకరం కొబ్బరితోట సముద్రంలో కలిసిపోయింది. కాగితం ఉంది, నేల లేదు. మిగిలిన ఇసుకలో ఒక రిసార్టువాళ్లు కంచె వేసి, మా ఆడవాళ్లను చేపలు ఎండబెట్టుకోనివ్వలేదు. తీర్థం జనం వెళ్లిపోతారు. టికెట్ పెట్టినవాడు వెళ్లడు. నా భయం అదీ.

సంచారి: ఈ మాట మొదటే చెప్పాల్సిందండి. టికెట్ డబ్బు మీ మత్స్యకారుల సంఘమే తీసుకుంటే? కంచె లేకుండా?

రేవు మనిషి: ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, మావాళ్లకు పనుండదు. తాబేలు పిల్లలు వెళ్లిపోయాక, మే ఆఖర్లో అయితే పెద్దలను అడుగుతాను. ఒప్పుకుంటారని మాటివ్వలేను. మంట మాత్రం వద్దు.