ఇంటిబండి పక్క పెట్టెల్లో ఏం పెట్టాలి? గ్యాస్ సిలిండర్‌కు చోటు ఇవ్వవచ్చా?

తోటపాలెం ఇల్లాలు (విజయనగరం):
అందరికీ నమస్కారం. మా మామయ్యగారి పదవీ విరమణ తర్వాత పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, పడకలూ చిన్న వంటగట్టూ పెట్టించి ఇంటిబండిగా మార్పించుకున్నాం. నేల కింద, బయటినుంచి తెరుచుకునేలా నాలుగు చిన్న పెట్టెలు ఉన్నాయి. ఎడమవైపు రెండు, కుడివైపు రెండు. ఒక్కోటి రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, పదమూడు అంగుళాల ఎత్తు.

పోయిన నెల కళింగపట్నం వెళ్లాం. ఏది ఎక్కడ పెట్టాలో ముందు అనుకోలేదు. తిరిగి వచ్చేసరికి తడి తువ్వాళ్లు జాకీ మీద, ఇసుక చెప్పులు ఉల్లిపాయల సంచి మీద. జాకీకి అప్పుడే తుప్పు పట్టడం మొదలైంది.

ఇప్పుడు ఇంట్లో వాదన ఎడమవైపు వెనక పెట్టె గురించి. పిల్లలు పడుకునే చోట గ్యాస్ ఉండకూడదని, సిలిండర్‌ను ఆ పెట్టెలోకి మార్చాలని మామయ్యగారు అంటున్నారు. అది తలుపు పక్కనే ఉంది కాబట్టి తడి సామానుకు కావాలని నేను. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ మూసి ఉన్న పెట్టెలో గ్యాస్ అంటే నాకూ భయంగానే ఉంది. తెలిసినవారు చెప్పండి.

రేకు పని (శ్రీకాకుళం):
బస్సు బాడీలు కట్టే షెడ్డులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. మీరు చెప్పిన కొలతలు చూస్తే సమాధానం ఒక్కటే: పెట్టకండి.

ఇంటి సిలిండర్ 14.2 కిలోలది రెండడుగుల దాకా ఎత్తు ఉంటుంది. పదమూడు అంగుళాల పెట్టెలో నిలబడదు, పడుకోబెట్టాల్సిందే. పడుకోబెడితే పైన ఉండాల్సిన ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఆ ద్రవం ఆవిరైతే సుమారు 250 రెట్లు పెరుగుతుంది. పొయ్యి దగ్గర మంట ఒక్కసారిగా ఎగిసిపడుతుంది.

రెండోది, వంటగ్యాస్ గాలికంటే బరువు. కారితే పైకి పోదు, అడుగున చేరి కూర్చుంటుంది. అందుకే గ్యాస్ పెట్టెకు గాలి రంధ్రాలు అడుగున ఉండాలి, బండి లోపలికి మాత్రం చీమ దూరే సందు కూడా ఉండకూడదు. మామూలు సామాను పెట్టెలు ఇందుకు సరిగ్గా తిరగేసి ఉంటాయి: దుమ్ము రాకుండా బయటివైపు తలుపు అంచుకు రబ్బరు బీడింగు వేసి బిగిస్తారు, లోపలివైపు వైర్లకోసం రంధ్రాలు వదిలేస్తారు. కారిన గ్యాస్ మీ పడకల కిందికే వస్తుంది.

మీ ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కడుంది? యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. అది తేలిక, పైకి పోతుంది, దానికి రంధ్రం పైన కావాలి. ఈ రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

రాజాం అబ్బాయి (టెక్సస్ నుంచి):
నా ఊరు రాజాం. ఆరేళ్లుగా ఇక్కడ ఆర్‌వీలో (ఇంటిబండిని ఇక్కడ అలా అంటారు) తిరుగుతున్నాను. రేకు పని గారి లెక్కలు నిజమే, కానీ ముగింపుతో నేను ఏకీభవించను. ఇక్కడ గ్యాస్ ఉండేదే బయట. పెద్ద బండ్లకు పక్కన ప్రత్యేకమైన పెట్టె, లాగుడు బండ్లకు ముందు కొక్కెం మీద. పడుకునే గదిలో సిలిండర్ పెట్టుకోవడం ఇక్కడ ఎవరూ ఊహించరు. మామయ్యగారి ఆలోచనే సరైనది. పెట్టె సరిపోకపోతే పెట్టెను మార్చుకోవాలి గాని గ్యాస్‌ను లోపలే ఉంచేస్తారా?

ఇంకో మాట. ఇక్కడి వీడియోలు చూసి సామాను సర్దకండి. ఇక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, ఎక్కే తలుపు కుడివైపు ఉంటుంది, నీళ్ల గొట్టం, కరెంటు తీగ తగిలించేవి ఎడమవైపు. మన దగ్గర అంతా అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. తాళాల సంగతి కూడా చూసుకోండి. ఇక్కడ చాలా ఆర్‌వీల పక్క పెట్టెలకు సీహెచ్ 751 అనే ఒకే రకం తాళంచెవి వస్తుంది, ఒకరి చెవితో మరొకరి పెట్టె తెరుచుకుంటుంది. బజారులో దొరికే చౌక తాళాలతోనూ ఈ ప్రమాదం ఉండొచ్చు. విలువైనవి ఆ పెట్టెల్లో పెట్టకండి.

రేకు పని (శ్రీకాకుళం):
అబ్బాయి గారూ, అక్కడ ఆ పెట్టెను గ్యాస్ కోసమే కడతారు. ఇక్కడ చెప్పుల కోసం కట్టిన పెట్టెను రేపు గ్యాస్ పెట్టెగా మార్చమంటారు. నా భయమంతా అదే. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. బండి నిర్మాణాన్ని రికార్డులో ఉన్నదానికి భిన్నంగా మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. పెట్టె కోసి పెంచేముందు అక్కడ అడగండి.

టెక్కలి లారీ:
అమ్మా, నేను ముప్పై ఏళ్లు కలకత్తా రోడ్డు మీద లారీ నడిపాను. ఇచ్ఛాపురం దాటితే రెండు పూటలూ మా వంట మేమే. లారీ పక్క తొట్టెలోనే కిరోసిన్ స్టవ్వు, బియ్యం, చింతపండు, ఎండుచేప. కాబట్టి చిన్న పెట్టె విలువ నాకు తెలుసు.

మీరంతా గ్యాస్ గురించే మాట్లాడుతున్నారు. నేను జాకీ గురించి చెబుతాను. రాత్రి పదకొండు గంటలకు రణస్థలం దగ్గర టైరు పేలింది అనుకోండి. బండి రోడ్డు ఎడమ అంచున ఆపుతారు. జాకీ, పానా, ఎర్ర త్రికోణం కుడి పెట్టెలో ఉంటే, మీ వీపును వెనకనుంచి వచ్చే లారీలకు అప్పగించి వంగి వెతకాలి. నా క్లీనర్ కుర్రవాడిని ఒక బండి అలాగే రాసుకుంటూ పోయింది. ప్రాణం దక్కింది, కాలు విరిగింది. ఆ మర్నాడే పనిముట్లన్నీ ఎడమకు మార్చాను. ఎడమ పెట్టెల్లో ఒకటి పనిముట్లకే. దీని మీద బేరం వద్దు.

పెట్టె తలుపులు ఎటు తెరుచుకుంటాయో కూడా చూడండి. మడతబందులు బండి ముందువైపు ఉండాలి. గడియ ఊడినా ఎదురుగాలికి తలుపు మూసుకునే ఉంటుంది. వెనకవైపు ఉంటే గాలికి విచ్చుకుని పక్కన వెళ్లే మోటారు సైకిల్ మనిషికి తగులుతుంది.

బారువ తీరం:
బాబాయిగారి మాటకు నా ఓటు. తడి సామాను పెట్టె విషయంలో మాత్రం ఇల్లాలి గారికి ఒక హెచ్చరిక. మా ఊళ్లో సముద్రపు గాలి ఇనుమును ఎంత త్వరగా తింటుందో రోజూ చూస్తాం. తడి పెట్టెను బీడింగుతో బిగించేస్తే లోపల ఉప్పునీరు ఆవిరై మళ్లీ రేకుకే పడుతుంది. అడుగున రంధ్రం చేయించి, లోపల అంచులున్న ప్లాస్టిక్ తొట్టె పెట్టుకోండి. ఇల్లు చేరగానే తొట్టె తీసి మంచినీళ్లతో కడిగేయవచ్చు. తాళాల్లో నూనె పోయకండి, ఇసుకను పట్టుకుని ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి వేయండి.

రేకు పని (శ్రీకాకుళం):
రంధ్రం ఊరికే చేస్తే వానలో చక్రం చిమ్మే బురద అందులోంచే లోపలికి వస్తుంది. చిన్న గొట్టం ముక్క దించి, నోరు వెనక్కి వంచాలి. బీడింగు సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే దానికి సుద్దముక్క పొడి రాసి తలుపు మూసి తెరవండి. చట్రం మీద తెల్లగీత ఎక్కడ తెగితే నీళ్లు అక్కడ దూరతాయి.

రాజాం అబ్బాయి (టెక్సస్ నుంచి):
ఇవన్నీ బాగున్నాయి. కానీ సిలిండర్ ఇంకా పిల్లల పక్కనే ఉంది. దానికి ఎవరూ దారి చెప్పలేదు.

టెక్కలి లారీ:
వంట బండిలో ఎందుకు, బాబూ? కళింగపట్నంలో ఇసుక మీద వండుకోలేరా? బండి కదిలేటప్పుడు సిలిండర్ వాల్వు మూసి, రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, నిలబెట్టి పట్టీతో కట్టాలి. ఆగాక కిందికి దించి ఆరుబయట వండాలి. రాత్రి పడుకునేటప్పుడు సిలిండర్ బండి బయటే.

తోటపాలెం ఇల్లాలు (విజయనగరం):
ఇవాళ సాయంత్రం మామయ్యగారూ నేనూ టేపు పట్టుకుని కొలిచాం. పక్కింటివారి ఐదు కిలోల చిన్న సిలిండర్ అడిగి తెచ్చి చూశాం. రెగ్యులేటర్ పెడితే అదీ నిలబడలేదు. "పడుకోబెట్టే పనైతే వద్దు" అని ఆయనే అన్నారు. పెట్టెలో టార్చి వేసి చూస్తే వైర్ల రంధ్రంలోంచి వెలుగు పైన పడక కిందికి వచ్చింది. అది చూశాక ఇక మాట్లాడుకోవాల్సింది లేకపోయింది. లారీ బాబాయిగారు చెప్పినట్టు ఆరుబయట వంటకు ఒప్పుకున్నారు. వానాకాలం ప్రయాణాలు ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. ఇండక్షన్ పొయ్యికి మా బ్యాటరీ సరిపోదు.

ఎడమ ముందు పెట్టె జాకీకి, పానాలకు. ఎడమ వెనకది తడి సామానుకు, తొట్టెతో సహా. కుడివైపు మడత కుర్చీలు, పరదా, నీళ్ల గొట్టం. రెండు మడతబందులు వెనకవైపే ఉన్నాయి, అవి మార్పించాలి. శ్రీకాకుళం వచ్చి రేకు పని గారి షెడ్డులోనే చేయించుకోవాలని ఉంది, ఎప్పుడు వీలవుతుందో చెప్పండి. తేలినీలాపురం పక్షులను చూడటానికి పిల్లలను తీసుకెళ్లాలి, ఆలోపు కావాలి.

రేకు పని (శ్రీకాకుళం):
గురువారం తీసుకురండి. సుద్దముక్క నేనే ఉంచుతాను.