వానకు తడిసిన శెనిక్కాయల్లో బూజు: వేంచితే విషం పోతుందా?

ఎర్రనేల (కళ్యాణదుర్గం):
కాయ పీకినాక జడివాన పట్టుకుంటే వామిలో అడుగు కాయలకు పచ్చబూజు వస్తాది. మంచివి ఏరుకుని, మిగిలినవి గానుగకేసి, చెక్క ఎనుములకు పెట్టడం మా దిక్కు మామూలే. బాగా వేంచితే విషం పోతుందా? తిన్నోళ్లకు జ్వరం, వాంతులు ఏమీ రావు కదా, మరి ఒంట్లో ఏం చేస్తాది?

గాజుపలక (కర్నూలు, పాథాలజీ):
పోదన్నా. వేడికి బూజు చస్తుంది, అది వదిలిన అఫ్లటాక్సిన్ బీ1 ఉండిపోతుంది. ఆ విషం విరగాలంటే 260 డిగ్రీలు దాటాలి, మూకుట్లో గింజ లోపలికి అంత వేడి ఎక్కదు. కొంత తగ్గుతుంది, అంతే.

అసలు హాని మొదలయ్యేది కాలేయంలో. సైప్3ఏ4, సైప్1ఏ2 అనే ఎంజైములు దాన్ని బయటికి పంపబోయి ఎపాక్సైడ్‌గా మారుస్తాయి. ఇది నిలకడ లేనిది, పక్కన ఏది దొరికితే దానికి అంటుకుంటుంది. విషాలను కట్టేసి బయటికి పంపే గ్లూటాథయోన్ అనే పదార్థం పట్టుకున్నంతవరకు ఫర్వాలేదు. తప్పించుకున్నది డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కు (జీ) అతుక్కుంటుంది. కణం చీలేటప్పుడు ఆ చోట జీ బదులు టీ అనే అక్షరం పడుతుంది. పీ53 జన్యువులో 249వ కోడాన్ (మూడక్షరాల గుంపు) దగ్గర ఇలా జరిగితే ప్రోటీన్‌లో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం రావలసిన చోట సెరీన్ వస్తుంది. చెడిన కణాన్ని ఆపాల్సింది ఆ పీ53 ప్రోటీనే. ఏళ్ల తర్వాత కాలేయ క్యాన్సర్‌గా బయటపడే దారి ఇది. హెపటైటిస్ బీ ఉన్నవాళ్లలో ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి ఆ టీకా తప్పక వేయించుకోవాలి.

మోతాదు ఎక్కువైతే అప్పటికప్పుడే కామెర్లు వస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయారు.

ఎర్రనేల:
మరి రోగనిరోధక శక్తి ఏం చేస్తుంటాది సార్?

గాజుపలక:
దానికి కబురే అందదు. పోలికకి క్యాండిడా ఆల్బికాన్స్ చూడండి, నోటిపూత తెచ్చే శిలీంధ్రం. దాని విషం క్యాండిడాలైసిన్, 31 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్, 2016లో గుర్తించారు. శిలీంధ్రం దారాలుగా సాగి కణాన్ని ఒత్తుకున్నప్పుడు ఇది కణపొరకు రంధ్రాలు పొడుస్తుంది. కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, కణం లోపల పీ38, సీ-ఫాస్ అనే హెచ్చరిక మార్గం మేలుకుంటుంది, ఐఎల్-1, ఐఎల్-6 అనే కబురు ప్రోటీన్లు విడుదలై న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గుమిగూడతాయి. ఎరుపు, మంట అందుకే. అంటే గాయం చేసే విషమే శరీరాన్ని లేపుతుంది.

అఫ్లటాక్సిన్ పొరను చింపదు, కొద్దికొద్దిగా లోపలికి పోతుంది. పైగా రోగనిరోధక కణాలైన టీ కణాల పనినీ, మాక్రోఫేజ్‌లు సూక్ష్మజీవుల్ని మింగే శక్తినీ తగ్గిస్తుంది. గాంబియాలో ఈ విషం సోకిన పిల్లల లాలాజలంలో ఐజీఏ ప్రతిరక్షకాలు తక్కువగా కనిపించాయి. జ్వరం రాలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవద్దు, ఇక్కడ మోసమంతా అదే.

కల్లం (కదిరి):
ఏరడం గురించి ఒక లెక్క. నేరుగా తినే శెనిక్కాయకు మన దేశంలో పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. అరగ్రాము గింజ ఒక్కదాంట్లో 10 మైక్రోగ్రాములుంటే దాంతోనే కిలో మొత్తానికి పరిమితి నిండినట్టే, బాగా పట్టిన గింజలో అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. అందుకే గుప్పెడు శాంపిల్ పరీక్షకిచ్చి బాగుందంటే నమ్మడానికి లేదు.

విషం చేలోనే మొదలవుతుంది. కోతకు ముందు మూడు నుంచి ఆరు వారాలు వాన లేక నేల వేడెక్కితే కాయకు పగుళ్లొస్తాయి, బూజు దూరుతుంది. వీలుంటే అప్పుడొక తడి ఇవ్వండి. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే పొట్టు గట్టిపడుతుంది. పీకినాక కాయలు పైకి ఉండేట్టు చెట్టు తిరగేసి ఎండబెట్టాలి, పచ్చిమీద వామి వేయొద్దు. తేమ 8 శాతానికి దిగాలి. కాయ ఊపితే గలగలమనాలి, గింజ నలిపితే పొర ఊడాలి. నేలలో తెగిపోయి తర్వాత తవ్వి ఏరిన కాయలు, పురుగు తిన్నవి, ముడుచుకున్నవి వేరే సంచిలో పెట్టండి. మిషన్‌లో పప్పు పగలకుండా కాయల మీద నీళ్లు చల్లుతారే, ఎండబెట్టిన శ్రమంతా అక్కడే పోతుంది.

చిక్కటిపాలు (ప్రొద్దుటూరు):
గానుగలో విషం ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది, నూనెలోకీ కొంత వస్తుంది. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేస్తే ఆ కొంతా పోతుంది, గానుగ నూనెకు ఆ దశ లేదు. కాబట్టి బూజు కాయలు గానుగకే వేయొద్దు. ఎనుము తిన్న బీ1లో ఒకటి రెండు శాతం అఫ్లటాక్సిన్ ఎం1 అనే మరో రూపానికి మారి పాలలోకి వస్తుంది, కాచినా పోదు. పాలకు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములే. ఆ చెక్క ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలలో విషం దాదాపు పోతుంది. దూడలు పెద్దవాటికన్నా తొందరగా దెబ్బతింటాయి, వాటికి ఆ చెక్క అస్సలు పెట్టొద్దు.