వింటర్ లీగ్ బేస్‌బాల్: రాత్రి స్కోర్లు, ఆటగాళ్ల పుట్టినరోజులు కలిపి రోజూ ఒక పోస్ట్ పెట్టాలి, సాయం చేయండి

లారెన్స్ అమ్మాయి:

అందరికీ నమస్తే. మేం మసాచుసెట్స్‌లో లారెన్స్ దగ్గర ఉంటాం. ఆ ఊళ్లో డొమినికన్లు చాలా ఎక్కువ, మా ల్యాబ్‌లోనూ నాతో పనిచేసేవాళ్లలో చాలామంది వాళ్లే. అక్టోబర్ మధ్య నుంచి వాళ్ల దేశపు చలికాలం బేస్‌బాల్ లీగ్ టీమ్‌ల గురించే వాళ్ల నోట ఒకటే మాట, లిసే గెలిచింది, ఆగిలాస్ ఓడింది అని. విని విని నాకూ ఇష్టం పట్టుకుంది. వేసవంతా బోస్టన్ బేస్‌బాల్ టీమ్ రెడ్ సాక్స్ ఆటలు చూసే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్ ఒకటుంది మాకు, చలికాలం వస్తే అందులో ఎవరూ మాట్లాడరు. అందుకని రోజూ పొద్దున రాత్రి స్కోర్లు, కింద ఆ రోజు పుట్టిన ఆటగాళ్ల పేర్లు పెడదామని మొదలుపెట్టాను, కానీ ఎక్కడికక్కడ ఆగిపోతున్నాను. టైగర్స్ గెలిచారని రాస్తే ఏ టైగర్స్ అంటున్నారు. పట్టికలో జీ అని ఉన్న గడి చూసి అన్ని మ్యాచ్‌లు ఆడారనుకుంటే లెక్క కుదరట్లేదు. పోయిన ఏడాది డిసెంబర్ ఆఖర్లో పట్టిక మొత్తం సున్నా అయిపోయింది, సైట్ పాడైందేమో అనుకున్నాను. పుట్టిన తేదీలైతే ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తున్నాయి. తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి, ప్లీజ్.

కాకినాడ కర్వ్‌బాల్:

అమ్మా, మంచి పని పెట్టుకున్నారు. ముందు పేర్ల సంగతి తేల్చుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. చలికాలం లీగ్ నడిచే దేశాలన్నిట్లో ఒకే జంతువు పేరు రెండు మూడు టీమ్‌లకు ఉంటుంది. తీగ్రెస్ (టైగర్స్) అంటే డొమినికన్ రాజధాని సాంతో దొమింగోలో లిసే, వెనిజులాలో అరాగ్వా. లియోనెస్ (లయన్స్) అంటే సాంతో దొమింగోలోనే ఎస్కోహిదో, వెనిజులాలో కారకాస్, ప్యూర్టో రికోలో పోన్సే. ఆగిలాస్ (ఈగిల్స్) కూడా అంతే, డొమినికన్ వాళ్లకు సాంతియాగో ఊరి సిబాఎన్యాస్, వెనిజులాలో సూలియా, మెక్సికోలో మెహికాలి. కాబట్టి జంతువు పేరు ఎప్పుడూ ఒంటరిగా రాయకండి. లిసే, ఎస్కోహిదో, అరాగ్వా, కారకాస్ అని రెండో సగం రాస్తే చాలు, ఎవరూ తిరిగి అడగరు. ఈ లీగ్‌ల ఛాంపియన్లు తలపడే కరీబియన్ సిరీస్ 2023 ఫైనల్ కారకాస్ నగరంలో జరిగింది, అందులో లిసే 3-0తో కారకాస్‌ను ఓడించింది. దాన్ని టైగర్స్, లయన్స్ అని రాస్తే మీ ల్యాబ్‌లో వాళ్లు కూడా ఇది సాంతో దొమింగో సొంత గొడవ అనుకుంటారు, ఎందుకంటే అక్కడ లిసే, ఎస్కోహిదో రెండిటికీ సొంత మైదానం ఒకటే, కిస్కేయా హువాన్ మారిచాల్ స్టేడియం.

డొమినికన్ లీగ్‌లో ఆరే టీమ్‌లు: లిసే, ఎస్కోహిదో, ఆగిలాస్, సాన్ పెద్రో దె మాకోరీస్ ఊరి ఎస్త్రెయాస్, లా రొమానా ఊరి తోరోస్, సాన్ ఫ్రాన్సిస్కో దె మాకోరీస్ ఊరి హిగాంతెస్. ఈ రెండు మాకోరీస్‌లూ వేరు వేరు ఊళ్లు, ఒకటి సముద్రం పక్కన, ఒకటి లోపల ఉత్తరాన. మాకోరీస్ అని ఊరుకోకుండా పూర్తి పేరు రాయండి.

ఇక పట్టిక. ఇంగ్లిష్ పట్టికలో జీ అంటే ఆడిన మ్యాచ్‌లు. స్పానిష్ పట్టికలో జీ అంటే గెలిచినవి, పీ అంటే ఓడినవి. మొత్తం ఆడినవి జేజే అని ఉంటాయి, కొన్ని చోట్ల గెలుపోటములను జేజీ, జేపీ అని వేస్తారు. మీకు లెక్క కుదరకపోవడానికి కారణం ఇదే. స్కోర్ లైన్ చివర మనకు ఆర్, హెచ్, ఈ అని అలవాటు, వాళ్లకు సీ, హెచ్, ఈ. పరుగులు, హిట్లు, ఎర్రర్లు, అదే వరస. కింద పీజీ అంటే గెలుపు ఖాతాలో పడిన పిచ్చర్ (బంతి విసిరేవాడు), పీపీ అంటే ఓటమి పడిన పిచ్చర్. పై వరసలో ఉండేది బయటి ఊరి టీమ్, కింద ఉండేది సొంత మైదానం టీమ్. తొమ్మిదో ఇన్నింగ్స్ కింది గడిలో ఎక్స్ అని ఉంటే కంగారు పడొద్దు, వాళ్లు అప్పటికే ముందున్నారు కాబట్టి బ్యాటింగ్‌కు రావాల్సిన పని లేకపోయింది.

లారెన్స్ అమ్మాయి:

అబ్బ, ఆ జీ గడి వల్లే కదా నాకీ తిప్పలు! చాలా థాంక్స్ అండీ. మరి సున్నా అయిపోవడం సంగతి? ఇంకోటి, ఒకే ఆటగాడు డిసెంబర్‌లో తోరోస్‌కి ఆడి జనవరిలో లిసే చొక్కాతో కనిపిస్తాడేంటి? ఇద్దరూ వేరు మనుషులా?

ఇర్వింగ్ షార్ట్‌స్టాప్:

ఒకడే అక్కా, ఒకడే. వరసగా చెప్తాను. ఆరు టీమ్‌లు ఒక్కొక్కటి 50 మ్యాచ్‌లు ఆడతాయి, అంటే ఒక్కో ప్రత్యర్థితో 10. డిసెంబర్ చివరికి అది అయిపోతుంది, కింది రెండు టీమ్‌లు ఇంటికి. మిగిలిన నాలుగూ మళ్లీ ఒకదానితో ఒకటి ఆడతాయి, ఒక్కొక్కరికి 18 మ్యాచ్‌లు, దాన్నే రౌండ్ రాబిన్ అంటారు. అది సున్నా నుంచి మొదలు. 1999 క్రికెట్ ప్రపంచకప్‌లో సూపర్ సిక్స్‌కి పాత పాయింట్లు కొన్ని వెంట వచ్చేవి గుర్తుందా, ఇక్కడ ఏదీ రాదు. మొదటి దశలో అందరికంటే పైన నిలిచిన టీమ్ జనవరిలో నాలుగో స్థానంలో పడినా అడిగేవాడు లేడు. పై రెండు టీమ్‌లు ఫైనల్ ఆడతాయి, ఏడు మ్యాచ్‌ల్లో ముందు నాలుగు గెలిచినవాళ్లది కప్పు.

ఆటగాళ్లు మారడం కూడా అక్కడే. రౌండ్ రాబిన్ మొదలయ్యే ముందు, ఇంటికెళ్లిన రెండు టీమ్‌ల ఆటగాళ్లలోంచి మిగిలినవాళ్లు వంతుల వారీగా ఎంచుకుంటారు. వాళ్లను రెఫుయెర్సోస్ అంటారు, అంటే అదనపు బలం అనుకోండి. ఫైనల్‌కి ముందు మళ్లీ, కరీబియన్ సిరీస్‌కి ముందు మళ్లీ. అందుకని మీరు ఆటగాడి పేరు పక్కన టీమ్ పేరు రాసేటప్పుడు ఆ రాత్రి ఏ చొక్కా వేసుకున్నాడో అదే రాయండి. వికీలో ఉన్నది చూసి రాస్తే జనవరిలో తప్పు పోతుంది.

మెక్సికో పసిఫిక్ లీగ్ పద్ధతి పూర్తిగా వేరు, అక్కడ సీజన్‌ని రెండు సగాలు చేసి ఒక్కో సగానికి స్థానాన్ని బట్టి పాయింట్లు ఇస్తారు. నా మాట వింటే ఈ ఏడాదికి డొమినికన్ లీగ్ ఒక్కటే రోజూ పెట్టండి, వెనిజులా, ప్యూర్టో రికో, మెక్సికో వారానికోసారి చాలు. నాలుగు లీగ్‌లూ రోజూ పెడితే చదివేవాళ్లు మూడో రోజుకే దాటేసి వెళ్లిపోతారు. ఫిబ్రవరి మొదట్లో కరీబియన్ సిరీస్‌లో ఛాంపియన్లందరూ ఒకే ఊళ్లో కలుస్తారు కదా, అప్పుడు మిగతావాళ్లు ఎవరో అందరికీ తెలుస్తుంది.

విశాఖ తెల్లవారుజాము:

టైమ్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. నేను ఇక్కడ వైజాగ్‌లో పొద్దున్నే లేచి చూస్తాను. సాంతో దొమింగోలో రాత్రి ఏడున్నరకు మొదలైతే మనకు మర్నాడు ఉదయం 5 గంటలు, తొమ్మిదిన్నర గంటల తేడా. మెక్సికోలోని కూలియకాన్‌లో రాత్రి ఏడు అంటే మనకు మర్నాడు ఏడున్నర. మీ గ్రూప్‌లో ఇండియాలో ఉన్నవాళ్లుంటే "నిన్నటి మ్యాచ్" అనకుండా తేదీ వేసి "15 రాత్రి మ్యాచ్" అని రాయండి.

మీకున్న చిక్కు ఇంకోటి. డొమినికన్ వాళ్లు గడియారాలు మార్చరు, మీ అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. అక్టోబర్‌లో మీకు ఏడున్నరకు వచ్చిన మ్యాచే నవంబర్ నుంచి ఆరున్నరకే మొదలవుతుంది. మొదటి ఇన్నింగ్స్ తప్పిపోయిందని బాధపడేవాళ్లకు ఇదే కారణం.

పుట్టిన తేదీలు ఒక్కో చోట ఒక్కోలా ఉండటానికి కారణం కూడా చిన్నదే. స్పానిష్ సైట్లలో మనలాగే రోజు ముందు, నెల తర్వాత. అమెరికన్ సైట్లలో నెల ముందు. 2/1/1999 అని ఉంటే ఒకచోట జనవరి 2, ఇంకోచోట ఫిబ్రవరి 1. అమెరికన్ బేస్‌బాల్ దిగ్గజం హాంక్ ఆరన్ పుట్టింది ఫిబ్రవరి 5న, 2/5 చూసి మే 2న పోస్ట్ పెట్టినవాళ్లను చూశాను. నెల పేరు అక్షరాల్లో ఉన్న చోటు చూసే రాసుకోండి. పక్కనే ఉండే వయసు అంకెను నమ్మి వెనక్కి లెక్కేయకండి, చాలా గణాంకాల పట్టికల్లో అది జూన్ 30 నాటి వయసు.

సంవత్సరం విషయంలోనూ జాగ్రత్త. డొమినికన్ ఆటగాడు మిగెల్ తెహాదా ఏళ్ల తరబడి 1976లో పుట్టినట్టు నమోదై ఉన్నాడు, అసలు 1974 అని 2008లో బయటపడింది. మే 25 అనేది మాత్రం మారలేదు. పాత కార్డుల మీద తేదీ చూసి "ఇన్నేళ్లు నిండాయి" అని రాసే ముందు ఇంకోచోట సరిచూసుకోవాలి.

కాకినాడ కర్వ్‌బాల్:

పుట్టినరోజుల గురించి నా అభిప్రాయం గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. రోజుకు పది పేర్లు దొరుకుతాయి, అన్నీ పెట్టకండి. ఒక్కరు, మహా అయితే ఇద్దరు, అదీ ఈ చలికాలపు ఆటతో సంబంధం ఉన్నవాళ్లు. పేరు పక్కన ఎందుకు గుర్తుంచుకోవాలో ఒక వాక్యం. ఆ వాక్యం లేకపోతే అది ఓటర్ల జాబితాలా ఉంటుంది, చదివేవాడికి ఏమీ మిగలదు.

చూడండి, అక్టోబర్ 25 సీజన్ మొదలైన కొత్తల్లో వస్తుంది. ఆ రోజు పిచ్చర్ పెద్రో మార్టినెజ్ పుట్టాడు, 1971. అదే తేదీన 1998లో హువాన్ సోతో పుట్టాడు. ఇద్దరూ సాంతో దొమింగో వైపువాళ్లే, పెద్రో లిసేకి ఆడాడు. ఇంతకంటే మంచి మొదటి పోస్ట్ ఏముంటుంది.

జనవరి 16 ఆల్బర్ట్ పూహోల్స్, 1980. రౌండ్ రాబిన్ వేడిలో ఉండే రోజులు. 2024-25లో ఆయన ఎస్కోహిదోకి మేనేజర్‌గా వచ్చి ఆ నెలాఖరులో లిసేతో ఏడో మ్యాచ్‌దాకా ఆడి ఓడించి కప్పు తెచ్చాడు, రెండు వారాలు తిరక్కముందే మెహికాలిలో కరీబియన్ సిరీస్ ఫైనల్‌లో మెక్సికో టీమ్ హలిస్కో చార్రోస్‌ని 1-0తో గెలిచాడు. 22 సీజన్లు అమెరికా మేజర్ లీగ్ ఆడిన మనిషి డగౌట్‌లో మేనేజర్‌గా మొదటి చలికాలమే ఇంత చేశాడు. ఓజీ గియెన్ పుట్టినరోజు జనవరి 20. ఆయన మేనేజర్‌గా లా గ్వైరా 1985-86 తర్వాత మళ్లీ 2023-24లోనే వెనిజులా టైటిల్ కొట్టింది, ఆ వెంటనే మయామిలో కరీబియన్ సిరీస్ కూడా. ఆ సిరీస్‌లోనే పిచ్చర్ ఆంహెల్ పద్రోన్ నికరాగువా టీమ్‌కి ఒక్క హిట్టూ ఇవ్వలేదు, 1952లో టామీ ఫైన్ తర్వాత ఆ సిరీస్‌లో అలాంటిది అదే.

హాంక్ ఆరన్ ఫిబ్రవరి 5 అని ఇందాక వచ్చింది. ఆయన 1953-54 చలికాలం ప్యూర్టో రికోలో కాగ్వాస్‌కి ఆడాడు, ఇన్‌ఫీల్డర్‌గా వెళ్లినవాడిని అక్కడే ఔట్‌ఫీల్డ్‌కి మార్చారు. మిగతా జీవితమంతా ఆయన నిలబడిన చోటు ఆ చలికాలం తేలింది. నాకు ఈ లీగ్‌లంటే ప్రాణం ఇందుకే.

చివరగా ఒక మాట. పోయినవాళ్లకు పుట్టినరోజు శుభాకాంక్షలు అని రాయకండి, జయంతి అని రాయండి. మేజర్ లీగ్ ఆటగాడు రికీ హెండర్సన్ డిసెంబర్ 25న పుట్టాడు, 2024లో సరిగ్గా ఐదు రోజుల ముందు, 20న పోయాడు. డొమినికన్ పిచ్చర్ ఒక్తావియో దొతెల్ నవంబర్ 25న పుట్టాడు, 2025 ఏప్రిల్‌లో సాంతో దొమింగోలో నైట్‌క్లబ్ పైకప్పు కూలి పోయాడు. మీ ల్యాబ్‌లో ఆ దుర్ఘటనలో తెలిసినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు, చూసుకుని రాయండి. డిసెంబర్ 31 మాత్రం పుట్టినరోజు లేకపోయినా వదలకండి, ప్యూర్టో రికో ఆటగాడు రొబెర్తో క్లెమెంతే వర్ధంతి. 1972లో నికరాగువాలోని మనాగ్వా భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళ్తూ విమానం సముద్రంలో కూలి పోయాడు. ప్యూర్టో రికో లీగ్‌కి ఆయన పేరే పెట్టారు.

లారెన్స్ అమ్మాయి:

ఇవన్నీ నోట్స్‌లో రాసుకున్నాను. జనవరి 2కి ఇలా రాశాను, ఎలా ఉందో చూడండి:

"జనవరి 2. ఈ రోజు ఇద్దరి పుట్టినరోజు. ప్యూర్టో రికోలో పుట్టిన ఎడ్గర్ మార్టినెజ్, 1963. సాన్ పెద్రో దె మాకోరీస్‌లో పుట్టిన ఫెర్నాండో తతీస్ జూనియర్, 1999. జూనియర్ ఎస్త్రెయాస్ ఆటగాడు."

ఇర్వింగ్ షార్ట్‌స్టాప్:

బాగుందక్కా, ఒక సవరణ. ఎడ్గర్ పుట్టింది న్యూయార్క్‌లో, పెరిగింది ప్యూర్టో రికో దొరాదోలో. ఆయనకు ఒక వాక్యం కలపండి: 1995 కరీబియన్ సిరీస్‌లో సాన్ హువాన్ టీమ్‌లో ఉన్నాడు, బెర్నీ విలియమ్స్, కార్లోస్ దెల్గాదో, హువాన్ గొన్సాలెస్ కూడా ఆ టీమే, ఆరుకు ఆరూ గెలిచారు. తతీస్‌కి ఇంకా మంచిదుంది. ఎస్త్రెయాస్ 51 ఏళ్ల తర్వాత 2019 జనవరిలో కప్పు గెలిచినప్పుడు మేనేజర్ వాళ్ల నాన్నే. నాన్న పుట్టినరోజు జనవరి 1, కాబట్టి ముందు రోజు పోస్ట్‌లో ఆయన్ని పెట్టి, మర్నాడు కొడుకుని పెట్టండి.

లారెన్స్ అమ్మాయి:

అయ్యో, ఇది భలే ఉంది! మార్చేశాను తమ్ముడూ. పుట్టినరోజులు పైన పెట్టనా, స్కోర్లు పైన పెట్టనా?

విశాఖ తెల్లవారుజాము:

స్కోర్లు పైన, పట్టికలో స్థానం పక్కనే. మ్యాచ్ చూడకుండా పడుకున్నవాడు ముందు అదే వెతుకుతాడు. రౌండ్ రాబిన్ మొదలైన రోజు మాత్రం అన్నిటికంటే పైన "పట్టిక మళ్లీ సున్నా నుంచి" అని ఒక లైన్ రాయండి, లేకపోతే ఆ ప్రశ్న మీ గ్రూప్‌లో ప్రతివాడూ అడుగుతాడు.